ఇంజన్ కొట్టంలో మనిషి

పసుపు చేను సగమైనా తడవకముందే ఆయిల్ ఇంజను ఆగిపోయింది.

భూమవ్వ హ్యాండిల్ పట్టుకొని బలమంతా పెట్టి తిప్పింది. అది నల్లటి పొగ కక్కి ఊరుకుంది.

"జరుగు చెల్లె."

ఉలిక్కిపడి వెనక్కి చూసింది. పక్కనున్న మక్కజొన్న చేనులోంచి వచ్చాడతను. మాసిన లుంగీ, పెరిగిన గడ్డం.

"ఎవలయ్యా నువ్వు?"

"ముందు నీళ్లు పారనియ్యి. డీజిల్ పైపుల గాలి చొచ్చినట్టుంది."

నట్టు వదులు చేశాడు. నురగంతా పోయేదాకా డీజిల్ కారనిచ్చి మళ్లీ బిగించాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

గట్టు మీద మనవరాలిని ఒళ్లో పెట్టుకొని కూర్చున్న అత్త మొగిలవ్వ ఇదంతా చూస్తోంది. మేడిపల్లి చుట్టుపక్కల కొత్త మనిషి కనిపిస్తే తలుపులు వేసుకునే రోజులవి. పొద్దున పోలీసులు వచ్చి అడిగేవాళ్లు, పొద్దుగూకితే నక్సలైట్ల దళం వచ్చి అడిగేది.

అతను ఆమె దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, ఓదెలు తల్లివి నువ్వేనా? నీ కొడుకు గురించి ఒక ముచ్చట..."

మొగిలవ్వ గభాల్న లేచింది.

"ఆని పేరెత్తకు! దుబాయి పోత అని ఇంట్లకెల్లి ఎల్లిండు. అడివిల తుపాకి వట్టుకొని సచ్చిండట. పోలీసులు పీనుగను సూపెట్టి నాతోని ఏలుముద్ర ఏపిచ్చుకున్నరు. కన్నతల్లికే అబద్ధమాడిండు. ఆని ముచ్చట తీసేదుంటే గిప్పుడే పో."

అతను తల వంచుకున్నాడు.

"ఆ ముచ్చట తియ్యను అవ్వా. ఇంత గట్క పెట్టుండ్రి, చేను పని చేస్త."

"పేరేంది? ఏ ఊరు?"

"కొమురెల్లి. సిరిసిల్ల దిక్కు."

"పోలీసులు ఎంబడి వడ్డరా?"

"పడ్డరు. నేనేం తప్పు చెయ్యలే."

"అందరు గట్లనే అంటరు."

కానీ ఇంట్లో మగదిక్కు లేదు. చేను చూస్తే కోడలు ఒక్కదాని వల్ల అయ్యేట్టు లేదు. ఇంజన్ కొట్టంలో పడుకొమ్మంది.

కొమురెల్లి పని దొంగ కాదు. కలుపు తీశాడు, కాలువలు చెక్కాడు, పడిపోయిన దడి కట్టాడు. దూరంగా జీపు చప్పుడు వింటే మాత్రం మక్కచేనులో దూరేవాడు. మనవరాలు ఐలమ్మ అతని భుజం దిగేది కాదు. భూమవ్వ 'అన్నా' అని పిలవడం మొదలుపెట్టింది. మొగిలవ్వ ఏమీ పిలవలేదు గానీ, అతని గట్కలో మజ్జిగ కొంచెం ఎక్కువే పోసేది.

ఒకసారి భూమవ్వ ఒంటరిగా ఉన్నప్పుడు అన్నాడు.

"చెల్లె, ఓదెలు మంచోడు."

ఆమె చేతిలో కొడవలి ఆగిపోయింది.

"నీకు ఎరికేనా అన్నా?"

అతను నోరు తెరిచేలోగా అత్త గడ్డిమోపుతో వచ్చింది. ఇద్దరూ పనిలో పడ్డారు.

ఒకరోజు ఐలమ్మకు జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. పిల్ల కళ్లు తేలేసింది.

"సైకిల్ ఇయ్యి" అన్నాడు కొమురెల్లి.

"వద్దన్నా! దవాఖాన తొవ్వల పోలీసులుంటరు. నిన్ను సూస్తరు."

"సూడనియ్యి. పిల్ల దక్కద్దా?"

పిల్లను గుండెకు గుడ్డతో కట్టుకొని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. ఐలమ్మ అతని గడ్డం లాగుతూ ఆడుకుంటోంది.

మొగిలవ్వ అతని రెండు చేతులూ పట్టుకుంది.

"నా కొడుకున్నా గింత చెయ్యకపోతుండె" అంది.

కొమురెల్లి ఏదో చెప్పబోయాడు. ఆమె 'ఆని పేరెత్తకు' అన్నది గుర్తొచ్చి, పిల్లను ఆమెకు అందించాడు.

మర్నాడే పోలీసు జీపు వాకిట్లో ఆగింది.

వాళ్ల అధికారి అరవలేదు, బెదిరించలేదు. మంచం మీద కూర్చొని నెమ్మదిగా అన్నాడు.

"నిన్న దవాఖానల మావోళ్లు ఒకణ్ని సూసిండ్రు అవ్వా. నీ కొడుకును అడివికి తీస్కపోయి తుపాకి ఇచ్చినోడు వాడే. ఇప్పుడు నీ చేన్ల దాక్కున్నడు. ఏడున్నడు?"

"మా చేన్ల ఎవ్వలు లేరు సారూ!" భూమవ్వ అడ్డం వచ్చింది.

మొగిలవ్వకు మొదటి రోజు గుర్తొచ్చింది. వచ్చీరాగానే అతను ఓదెలు పేరు ఎత్తాడు. సిరిసిల్ల దిక్కు మనిషికి తన కొడుకు ఎట్లా తెలుసు? ఇన్నాళ్లూ తన చేతి గట్క తిన్నది, కొడుకును మింగినవాడా?

ఆమె చేయి ఇంజన్ కొట్టం వైపు లేచింది.

కొమురెల్లిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు.

"అవ్వా, నీ కొడుకు..." అంటుండగానే తుపాకి మడమ నోటి మీద పడింది.

మొగిలవ్వ అతని ముఖం మీద గుప్పెడు మన్ను చల్లింది.

మరునాడు రేడియోలో చెప్పారు. కొడిమ్యాల అడవిలో ఎదురుకాల్పులు, కొమురెల్లి అనే తీవ్రవాది మృతి.

"నా ఉసురు తగిలింది" అంది మొగిలవ్వ.

భూమవ్వ పొయ్యి వెలిగించలేదు.

ఆ వారంలోనే జగిత్యాల నుంచి మనోరమ అనే వకీలు వచ్చింది. గడపలోనే అడిగింది.

"కొమురెల్లిని ఎవరు పట్టిచ్చిండ్రు?"

"నేనే" మొగిలవ్వ తలెత్తి చెప్పింది. "నా కొడుకును దళంల కలిపినోణ్ని నేనే పట్టిచ్చిన."

మనోరమ గడప మీదే కూర్చుంది. భూమవ్వ ఇచ్చిన నీళ్లు తాగకుండా పక్కన పెట్టింది.

"అవ్వా, ఓదెలు ఏ దళంల లేడు. దుబాయి పోదామని బయలెల్లినోన్ని కోరుట్ల తొవ్వల, జీపు ఆపి పోలీసులే గుంజుకపోయిండ్రు."

"గది నీకెట్ల ఎరుక?" అంది మొగిలవ్వ.

"ఆ జీపు నడిపింది కొమురెల్లే; పోలీసులు ఎంత కొట్టినా ఇనకుండ, నీ కొడుకుది ఏ తప్పు లేదని కోర్టుల సాక్ష్యం చెప్త అన్నది ఆయనొక్కడే."