కొత్త కోడ్

తలుపు తెరుచుకోలేదు. సర్వరయ్య మళ్ళీ నాలుగంకెలూ నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది, తాళం కీచుమంది, అంతే.

"సార్! బయట ఎవరైనా ఉన్నారా?" అంటూ తలుపు బాదాడు.

తలుపుకున్న అరచేతంత అద్దంలో మేనేజర్ ముఖం ప్రత్యక్షమైంది. "ఏమైంది సర్వరయ్యా?"

ఇళ్ళ ప్లాన్లు గీసే ఆ ఆఫీసులో అతని అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. ప్లాన్లన్నీ దాచుకునే సర్వర్‌ని సాకేవాడు కాబట్టి సర్వరయ్య.

"కోడ్ పనిచేయట్లేదు సార్."

"ఎలా పనిచేస్తుంది? భోజనాల వేళ మార్చేశాగా. నెలకోసారి మార్చమని పోరు పెట్టింది మీరే."

"మంచిది సార్. కొత్తది చెప్పండి."

"నాకెక్కడ గుర్తుంటుందండీ! కాగితం మీద రాస్తే ఊరుకోరు కదా మీరు. బుద్ధిగా సర్వర్లో, కోడ్ల ఫైల్లో పెట్టాను."

సర్వరయ్య భోజనాలకి ముందే ఈ సర్వర్ గదిలోకి వచ్చాడు. సర్వర్‌ని అందరికీ మూసేసి అరగంటైంది. లోపల సాఫ్ట్‌వేర్ మారుతోంది. మూడేళ్ళుగా వాయిదా పడుతూ వచ్చిన పని. పాతది ఒక్క గంతులో కొత్తది కాదు, మూడు మెట్లు ఎక్కాలి. మూడూ ఎక్కేదాకా ఏ ఫైలూ తెరుచుకోదు. పొద్దున తీసిన బ్యాకప్‌లో చూద్దామంటే అందులో ఉన్నది పాత కోడ్. పోనీ డిస్క్‌లోనే నేరుగా వెతుకుదామా అంటే, దొంగల చేతికి చిక్కినా అర్థం కాకుండా ఫైళ్ళన్నిటికీ తాళాలు వేసిపెట్టిన మహానుభావుడూ తనే.

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం గుండెకు గుచ్చుకుంటున్నట్టుంది. ఇంటర్వ్యూ పిలుపు. ఈరోజే, నాలుగున్నరకి. పొద్దున వస్తూనే సర్వర్లోని తన ఫోల్డర్లోంచి ప్రింట్ తీసుకున్నాడు. అక్కడ సర్వర్లకి నలుగురు మనుషులట, వంతులవారీ పనట, ఆదివారం ఎవరూ ఫోన్ చేయరట. ఇక్కడ పదకొండేళ్ళుగా తనొక్కడే. "మీరు పెళ్ళాడింది నన్నా, ఆ సర్వర్నా?" అని భార్య అడగడం కూడా మానేసింది. ఈ ఇంటర్వ్యూ సంగతి ఆమెకి తప్ప పురుగుకి కూడా చెప్పలేదు.

"ఎప్పటికవుతుంది?" అన్నాడు మేనేజర్.

"నాలుగుముప్పావు అవుతుంది సార్. నేను నాలుగింటికల్లా బయల్దేరాలి. పంటి డాక్టర్ దగ్గరికి..."

"ఏ పన్ను?"

"కింద... కుడివైపు."

"అంత చల్లటి గదిలో ఉన్నారు, నొప్పి దానంతటదే సర్దుకుంటుందిలెండి."

"సార్, మీకు దణ్ణం పెడతాను, కాస్త గుర్తు తెచ్చుకోండి. దేని నంబరు పెట్టారు?"

మేనేజర్ నుదురు రుద్దుకున్నాడు. "మీరు మర్చిపోలేని నంబరే పెట్టాను. అంతవరకు బాగా గుర్తుంది."

సర్వరయ్య కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. రెండో మెట్టు సగంలో ఉంది. ఆపేస్తే? సగం పాతా సగం కొత్తా అయి ఏదీ తెరుచుకోదు. బ్యాకప్ నుంచి మళ్ళీ నింపడానికి రెండు రోజులు పడుతుంది. రేపు పొద్దున్నే ప్లాన్లు అప్పజెప్పాల్సినవాళ్ళు పద్దెనిమిదిమంది ఉన్నారు. వాళ్ళ ముఖాలు కళ్ళముందు మెదిలాయి. ఆపినా ఈ తలుపు తెరుచుకోదు కదా అని కూడా తోచింది. మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

మర్చిపోలేని నంబరట! ఉద్యోగంలో చేరిన సంవత్సరం నొక్కాడు. ఎర్ర దీపం. తన బండి నంబరు. ఎర్ర దీపం. పుట్టిన తేదీ నొక్కేసరికి తాళం పొడుగ్గా కూసి మూగబోయింది. అయిదు తప్పులైతే గంటసేపు పలకదు. ఆ ఏర్పాటూ తనదే.

"ఇంకో దారి లేదా సార్? తలుపు పగలగొట్టించండి!"

"ఇనుప తలుపండీ. ఇనుపదే కావాలని పట్టుబట్టిందెవరు?"

సర్వరయ్యకి ఈ గదిలో తనని తనే ఇటుక ఇటుకా పేర్చుకుని కట్టేసుకున్నట్టనిపించి ఏడుపొచ్చింది.

నాలుగైంది. నాలుగుంబావైంది. నాలుగున్నర కూడా దాటింది. బయట అతని బల్ల మీద ఛార్జింగ్ పెట్టిన ఫోన్ మోగింది.

"మీదే! ఎవరిదో కొత్త నంబరు. ఎత్తమంటారా?" అని అరిచాడు మేనేజర్.

"వద్దు సార్! ఎత్తకండి!"

"డాక్టరేమోనండీ, పాపం."

"వద్దన్నానా!"

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. సర్వరయ్య అద్దం వైపు చూడలేకపోయాడు. జేబులోంచి కాగితం తీసి, చదవకుండానే ఉండ చుట్టాడు.

"పన్ను ఎలా ఉంది?" మేనేజర్ గొంతులో జాలి.

"పైది... తగ్గింది సార్."

నాలుగూ నలభై ఏడుకి మూడో మెట్టు పూర్తయింది. ఎక్కడా ఒక్క తప్పు లేదు. మామూలుగానైతే ఈల వేసేవాడు. అంత దుఃఖంలోనూ అలవాటు కొద్దీ ముందు మూడు ప్లాన్లు తెరిచి చూశాడు. గీత గీతా చెక్కు చెదరలేదు. అప్పుడు సర్వర్‌ని అందరికీ తెరిచి, కోడ్ల ఫైలు నొక్కాడు.

అన్నిటికంటే కింద, భోజనాల వేళ మేనేజర్ రాసిన వాక్యాలున్నాయి:

"సర్వర్ గది తలుపు: 0430. మీ ఇంటర్వ్యూ టైమే పెట్టాను, మర్చిపోరని. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాకైనా మీ ఫోల్డర్ మాకెవరికీ కనబడకుండా చూసుకోండి."