మంచు మీద పెంటికలు

"ఇవి రాలినవి కావు. ఎవరో తెచ్చి పోసినవి," అంది అటవీ తనిఖీకి వచ్చిన సానెల్మా, మోకాళ్ళకంటిన మంచు దులుపుకుని లేస్తూ.

ఆస్పెన్ చెట్టు మొదట్లో పచ్చటి పెంటికలు, బియ్యపుగింజలంతవి, చెదిరి ఉన్నాయి. ఎగిరే ఉడుతవి. అవి కనబడిన చోట రంపం పెట్టకూడదని చట్టం. వాటిని చూశానని నిన్న పొద్దున కబురు పంపింది, ఏళ్ళుగా చుట్టుపక్కల అడవుల్లో ఉడుత జాడలు వెతికి రాసే హెల్వి. అందుకే చెట్లు కొట్టే యంత్రం దారి పక్కన ఆగిపోయింది. అందుకే అడవి సొంతదారు తౌనో, అతని కొడుకు పెత్రి వచ్చి నిలబడ్డారు. ఇప్పుడు ముగ్గురూ హెల్వి వైపే చూస్తున్నారు.

హెల్వికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

సానెల్మా తొందర లేకుండా కారణాలు చెప్పుకుపోయింది. చలికాలమంతా రాలినవైతే మంచు పొర పొరలోనూ ఉండాలి. ఇవి శనివారం పడిన మంచు మీదే ఉన్నాయి, కింద ఒక్కటీ లేదు. మాను మీద ఉచ్చ మరక లేదు. పైగా ఇవి నిరుటివి, వేళ్ళ మధ్య పొడి అయిపోతున్నాయి.

హెల్వి వంగి చేత్తో మంచు తవ్వింది. లేవు. నిన్న ఈ పని తను చెయ్యలేదు. కనబడిన సంతోషంలో నేరుగా ఇంటికి వెళ్ళి ఫోను పట్టుకుంది.

"నిజమే, పోసినవే," అంది. "పోసింది నేను కాదు."

"ఉడుతే తెచ్చి పోసుకుందేమో," అన్నాడు పెత్రి. "కాఫీ డబ్బాలో తెచ్చావా అత్తా, సంచిలోనా?"

ఊళ్ళో పిల్లలందరూ ఆమెను అత్తా అనే పిలిచేవారు. నలభై ఏళ్ళు వచ్చినా పెత్రి ఆ పిలుపు మానలేదు. ఆ పిలుపుతోనే ఈ మాట అనేసరికి హెల్వికి చెంప మీద కొట్టినట్టయింది. భుజాన ఉన్న సంచి తీసి మంచులో బోర్లించింది. ఫ్లాస్కు, భూతద్దం, కాగితంలో చుట్టిన రై రొట్టె, రెండు పెన్సిళ్ళు, లావుపాటి నోటుపుస్తకం పడ్డాయి.

"వెతుకు," అంది.

"పోసేశాక సంచిలో ఏముంటుంది?" అని పెత్రి మొహం తిప్పుకున్నాడు.

తౌనో తన బూట్ల వైపు చూస్తున్నాడు. అతను మామూలుగా కూడా మాట్లాడే మనిషి కాదు.

ఇది రాయక తప్పదంది సానెల్మా. రాస్తే హెల్వి పాత పరిశీలనలన్నీ మళ్ళీ బయటికి తీస్తారు. ఆమె మాట మీద నిలబడి ఉన్న అడవులు పదకొండు. ఈ ఏడు వాటిలో ఉడుత జాడ దొరక్కపోతే, మునుపు ఉండేదన్న ఆమె మాటను ఎవరూ నమ్మరు.

"అంటే కొట్టేస్తారా?"

"కొన్నింటిని."

హెల్వి నోటుపుస్తకం ఎత్తి, తడిసిన అట్టను కోటుకు తుడిచి, సానెల్మా చేతిలో పెట్టింది.

"ఇరవై ఆరేళ్ళ నుంచి రాస్తున్నాను. చదువమ్మా. నూరు చెట్లు చూస్తే తొంభై చోట్ల 'లేవు' అనే ఉంటుంది. దొంగరాతలు రాసేదాన్నయితే అన్నిసార్లు లేవని ఎందుకు రాస్తాను? మా అన్న అడవి పేజీ తియ్యి. నేను పుట్టి పెరిగిన చోటు. నాలుగు రోజులు మోకాళ్ళ మీద పాకాను. ఒక్కటి దొరకలేదు. లేవని రాసి సంతకం పెట్టాను. ఆ వారమే కొట్టేశారు. ఒక గుప్పెడు తెచ్చి పొయ్యడం అప్పుడు నాకు చేతకాకనా?"

లోపలెక్కడో వడ్రంగిపిట్ట ఎండిన మానును కొట్టి కొట్టి ఆగింది.

తౌనో టోపీ తీశాడు.

"హెల్వి పేరు రాయకండి. నా పేరు రాయండి."

సానెల్మా ఆశ్చర్యంగా చూసింది. అడవి మీది, చెట్లు కొట్టించేది మీరే కదా అంది. తౌనో మంచు వైపు చూస్తూ, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడు. సరస్సు అవతల పడిపోయిన మాను తొర్రలోంచి పెంటికలు ఏరి తెచ్చాడట.

"కొట్టించాలని ఉంది మావాడికి. వాళ్ళమ్మ పోయాక వాడికి కాదని చెప్పే నోరు నాకు లేదు. ఆవిడ రోజూ ఈ చెట్ల మధ్యే నడిచేది. కొట్టమని చెప్పే నోరూ లేదు."

"నన్ను అబద్ధాలకోరును చేస్తుంటే అరగంట చూస్తూ నిలబడ్డావు తౌనో," అంది హెల్వి.

"నిలబడ్డాను."

ఆ ఒక్క మాట ఆమెను మరింత మండించింది. సానెల్మా కాగితం తీసి, ఏ రోజు పోశారో చెప్పమంది.

"ఆదివారం. చర్చి నుంచి వచ్చాక. గట్టు మీది పెద్ద స్ప్రూస్ చెట్టు కింద."

సానెల్మా పెన్ను ఆగింది.

"గట్టు మీదికి మేమింకా పోలేదు. ఇవి ఆస్పెన్ కిందివి."

తౌనో తలెత్తి చెట్టు వైపు చూశాడు, కింద మంచు వైపు చూశాడు.

"ఆస్పెన్ కింద నేనేమీ పొయ్యలేదు," అన్నాడు.

హెల్వి మళ్ళీ నోరు తెరవబోయింది. ఈలోగా పెత్రి వంగి, మంచులో పడి ఉన్న ఆమె రొట్టెను ఎత్తి, దులిపి, సంచిలో పెట్టాడు. లేవలేదు. తల కూడా ఎత్తలేదు.

"ఇవి నేను పోసినవి నాన్నా. కొట్టించాలని నీకే ఉందనుకున్నాను."