నలభై మూడో పేజీ

బీదర్‌లో రెండువేల మంది ఇంజినీర్లను తయారుచేసినవాణ్ణి నేను.

కాలేజీ ఎదుటి జిరాక్స్ దుకాణం నాది. పరీక్షలొచ్చాయంటే పక్క హోటలువాడు మా మిషను వేడి మీదే పాలు కాచుకునేవాడు.

సరే, దుకాణం మా అల్లుడు సిలాసుది. నేను కాగితాలకు పిన్ను కొట్టేవాణ్ణి. పాల సంగతి కూడా కాస్త ఎక్కువే చెప్పాను.

అక్కడ అందరూ అడిగేది ఒకటే, ‘సుందరం సార్ నోట్స్’. ఆయన రిటైరై ఊరు వదిలి ఏళ్లయింది. పిల్లలెవరూ ఆయన ముఖం ఎరగరు. చేత్తో రాసిన ఆ నోట్సు మాత్రం ఏటేటా సీనియర్ల నుంచి జూనియర్లకు దిగుతూనే ఉంది.

హైదరాబాద్‌లో ప్రతి మేడ మీదా సోలార్ పలకలు లేస్తున్న రోజులవి. మా పిల్లల కళ్లన్నీ ఆ ఉద్యోగాల మీదే.

పరీక్షకు ముందురోజు ఒక ముసలాయన వచ్చాడు. చొక్కా చెమటకు ఒంటికంటుకుంది. చేతిలో ఒక కాగితం.

“నాయనా, ఆ నోట్సుల నలభై మూడో పేజీ తీసేసి ఇది పెట్టు.”

“ఎందుకు?” అన్నాడు సిలాసు.

“పైన సబ్‌స్టేషన్ల కరెంటు బందు చేస్తే తీగ సచ్చినట్టే అని ఉన్నదందుల. అప్పట్ల అది నిజమే. ఇప్పుడు ఇండ్ల మీది సోలార్ నుంచి ఎనుకకు కూడ వస్తాంది. రెండు దిక్కుల చూసి, తీగను భూమికి కలిపినంకనే చెయ్యి పెట్టాలె.”

వరుసలో ఉన్న జాన్సన్ నవ్వాడు. “సిలబస్‌ల ఉన్నదా తాతా?”

“యూనివర్సిటీ సుట్టు తిరిగిన బిడ్డా. సిలబస్ మారాలంటే కమిటీ కూసోవాలన్నరు. మూడేండ్లాయె, ఇంక కూసోలే.”

“అయితే పోయి కుర్చీలెయ్యి! రేపు నీ కాయితం రాస్తే నాకు సున్నా ఇస్తరు.”

“సున్నా వస్తే మల్ల రాస్తవు బిడ్డా! పోయిన నెల హుమ్నాబాద్‌ల ఒక పోరడు ఆ పేజీని నమ్మి తీగ పట్టి సచ్చిపోయిండు.”

“నీ కొడుకా తాతా?” అంది జాన్సన్ వెనకే నిలబడ్డ మౌనశ్రీ.

“నా కొడుకు లెక్కనే.”

ముసలాయన మిషను మూత మీద చెయ్యి అదిమిపెట్టాడు. “ఒక్క పేజీ. మీ కాళ్లు మొక్కుత.”

సిలాసు ఆ చెయ్యి విడిపించి, ఆయన్ను మెట్లు దింపాడు. “గిరాకి టైంల పరేషాన్ చెయ్యకు పెద్దమనిషీ!”

మర్నాడు జాన్సన్‌కు ఆ ప్రశ్నే వచ్చింది. ఫస్టుక్లాసులో పాసై సోలార్ ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లాడు.

నాలుగో నెలలో శవమై తిరిగొచ్చాడు. పైన కరెంటు ఆపాకే తీగ పట్టుకున్నాడట.

సమాధుల దగ్గర ఆ ముసలాయన అందరికన్నా వెనక నిలబడి ఉన్నాడు. పాస్టరు ప్రార్థన ముగియగానే కాలేజీ మేడం దీనా ఆయన దగ్గరికి పరుగున వెళ్లింది.

“సుందరం సార్! మీరెప్పుడొచ్చిన్రు?”

పక్కనే ఉన్న మౌనశ్రీ నోటికి కొంగడ్డం పెట్టుకుంది.

ఆయన గుంత మీది నుంచి చూపు తిప్పలేదు. “నేను రాసిన మాటనే గద తల్లీ. నన్నే కొట్టెయ్యనియ్యకపోయిరి.”

ఇక మిగిలిన అబద్ధం ఒక్కటే. ఆయన కాగితం తెచ్చిన రోజు సిలాసు నిజానికి బసవకళ్యాణ్ వెళ్లాడు. మిషను దగ్గర ఉన్నది నేనొక్కణ్ణే.