దూరం ముడి

ఆ ముసలాయన పొద్దున్నుంచీ బండినే చూస్తున్నాడు.

బిజినేపల్లి రోడ్డు మీద భాస్కర్‌ది పంక్చర్ల షాపు. చూసేవాళ్లకు కొదవ ఉండదు. పనిలేని ప్రతివాడూ అక్కడ ఆగి ఓ సలహా పారేసి పోతాడు. ఈయన మాత్రం సలహా చెప్పడు, బీడీ అడగడు, కన్ను తిప్పడు.

బండి భాస్కర్ సొంతదే. వనపర్తిలో పాత సామాన్ల అంగట్లో కొన్నాడు. ఎవరో సోకు కోసం ఎత్తు హేండిలు వేయించుకున్న బండి. క్లచ్ వైరు ఎలాగో సరిపెట్టాడు గానీ, ఎక్సలేటర్ వైరు అంగట్లో దొరికేది ఆ హేండిలుకు అందదు. కొలత పంపితే నాగర్‌కర్నూల్‌లో చేసిస్తారు.

బడి తెరిచేలోగా కూతురు నవ్యను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పుతానని మాటిచ్చాడు. ఆ పిల్ల అప్పుడే ట్యాంకెక్కి నోటితోనే హారన్ కొడుతోంది.

టైరు తెలిసినవాడికి బండంతా తెలిసినట్టేనని భాస్కర్ ధీమా. హేండిలు నిటారుగా పెట్టి, తెల్లదారంతో కొలత తీసి ముడేశాడు. కాగితంలో చుట్టి సీటు మీద పెట్టాడు.

"తిప్పి కొలువు బిడ్డా," అన్నాడు ముసలాయన.

"ఏంది తాతా?"

"హేండిలు పక్కకు తిప్పి కొలువాలె. లేకుంటె పొట్టిగైతది."

"నువ్వేమన్న మెకానిక్‌వా?"

"కాదు."

"మరేం పని జేస్తవ్?"

"కొలుస్త."

అంటూ నడుముకు చుట్టుకున్న సుతిలి విప్పాడు. చెమటకు నల్లబడిన జనపనార సుతిలి. దాని చివరి దాకా పోతే ఒక పాత ముడి ఉంది.

అడగకుండానే హేండిలు ఓ పక్కకు తిప్పాడు. నవ్య మోకాలి పక్కగా సుతిలి సాగదీశాడు. పిల్ల హారన్ ఆపి ఆయన వేళ్లనే చూస్తూ ఉండిపోయింది.

అంతలో పక్కనున్న చాయ్ హోటల్ మణెమ్మ భాస్కర్‌ను చెయ్యూపి పిలిచింది.

"ఆయన ఎవలో ఎరుకేనా తమ్మీ? పెద్దమందడి జంగయ్య."

"అయితేంది?"

"సచ్చినోళ్లను సుతిలితోని కొలుస్తడు, వల్లకాట్ల బొంద తోడెతందుకు. బతికున్నోళ్ల కాడ గా సుతిలి విప్పొద్దంటరు."

భాస్కర్ పరుగున వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు.

"నా బిడ్డను కొలిచెతందుకు వచ్చినవా? నడువ్ ఈడికెల్లి."

జంగయ్య నవ్య తల మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. ఖాళీ చేతులు ఊపుకుంటూ ఎండలో నడిచి వెళ్లిపోయాడు.

ఆ కంగారులోనే భాస్కర్ సీటు మీది పొట్లం తీసి నాగర్‌కర్నూల్ బస్సు డ్రైవర్ చేతికిచ్చాడు. ఆ రాత్రి పిల్లకు దిష్టి తీయించాడు.

వారం తిరగకుండానే వైరు వచ్చింది.

"షాపాయన జర పరేషానైండు," అన్నాడు డ్రైవర్. "రెండు ముళ్లేసినవంట గదా? దగ్గరి ముడికి చేసిండంట. దూరం ముడి అంత వైరు ఏ బండికీ ఉండదన్నడు."

"రెండు ముళ్లేంది? నేనేసింది ఒక్కటే."

పొట్లం విప్పాడు. వైరు తాననుకున్న దానికన్నా బెత్తెడు పొడుగుంది. దాంతోపాటు షాపాయన కొలతను కూడా తిప్పి పంపాడు. అది తెల్లదారం కాదు. నల్లబడిన సుతిలి.

భాస్కర్ దాన్ని చేతిలోంచి జారవిడిచాడు.

"నీ దారం ఈడుంది నాయినా," అంది నవ్య. "తాతనే కట్టిండు."

సీటు వెనక ఇనుప కమ్మీకి తెల్లదారం చుట్టి ఉంది.

పారేద్దామనుకున్నవాడే, ఎందుకో దాన్ని విప్పి వైరు పోవాల్సిన దారిలో కట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది. నేనే గెలిచానని అనుకుంటూ హేండిలు తిప్పాడు.

దారం బిగుసుకుని పటుక్కున తెగింది.

దారం గనుక తెగింది. వైరు తెగదు, గుంజుతుంది. మలుపు తిరిగినప్పుడల్లా చెయ్యి తిప్పకపోయినా బండి రేసు అందుకుంటుంది. ట్యాంకు మీద నవ్య ఉంటుంది.

భాస్కర్ వంగి నేల మీది సుతిలి తీశాడు.

పొడుగు వైరే బిగించి, సుతిలి జేబులో పెట్టుకుని, ఆ సాయంత్రమే పెద్దమందడికి బయలుదేరాడు. కాళ్లు పట్టుకుని అయినా క్షమించమని అడగాలనుకున్నాడు. దారిలో ఏ మలుపులోనూ బండి గొంతు మారలేదు.

జంగయ్య ఇల్లు అడిగి వెళ్లేసరికి భార్య జోగులమ్మ గడప మీద కూర్చుని ఉంది. బండి చప్పుడు విని తలెత్తింది.

"మళ్ల వచ్చినవా," అంది.

భాస్కర్ వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఆమె మాట్లాడింది బండితో.

"జంగయ్య తాతతోని పనుండె అవ్వా."

"మొన్న పోయిండు బిడ్డా. బిజినేపల్లికి పోయొచ్చిన కాడికెల్లి మంచం దిగలే. పని అయిపోయిందే, అన్నడు. ఏం పనో చెప్పలే."

భాస్కర్ జేబులోంచి సుతిలి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

జోగులమ్మ దాన్ని వేళ్లతో తడుముకుంటూ పోయింది. కొత్త ముడి దగ్గర ఆగింది.

"గిదేం ముడో తెల్వదు," అంది.

మెల్లగా దూరం ముడి దాకా పోయింది. అక్కడ వేళ్లు కదలలేదు.

"కొలిచిన సుతిలి బొందలనే వెయ్యాలె. గిదొక్కటే ఇంటికి తెచ్చుకుండు. అటెన్క ఎవలినీ కొలువలే."

"ఎవలిది అవ్వా ఆ కొలత?"

ఆమె సుతిలిని గుండెకు ఆనించుకుని, బండి ఎత్తు హేండిలు వైపు చూసింది.

"మా ప్రేమ్ కుమార్ నిలువు బిడ్డా... మలుపు కాడ గీ బండే గుంజుకపోతె, కన్నతండ్రే కొలిచిండు."