కార్జం ముక్క

కొల్లేటికి వచ్చే ప్రతి వలస పక్షి కార్జంలోనూ సర్కారు వాళ్ళు ఒక గింజ నాటారు. పక్షిని కోసి ఆ గింజను పారేస్తే ఊరంతా వినేలా అరుస్తుంది. ఎవరైనా మింగితే ఊరుకుంటుంది. కానీ ఎండలు ముదరగానే మింగిన మనిషి కాళ్ళు ఆ పక్షి దేశం దారి పడతాయి, ఎవరాపినా ఆగవు. అలా వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు.

ఈ గింజలు రాకముందు నూకాలమ్మ ఇంట్లో కార్జం ఎప్పుడూ వేటకు వెళ్ళినవాడిదే. ఆవిడ దాని రుచి ఎరగదు. ఆ రోజు కొడుకు ఏడుకొండలు దాన్ని తల్లి కంచంలో వేశాడు.

"ఇదేంట్రా, నాకేస్తన్నావ్?"

"పెంపుడు బాతేనమ్మా. తిను. ఎప్పుడూ నాకే పెట్టావు గదా."

ఆవిడ కళ్ళు తుడుచుకుని మెల్లగా నమిలింది. గొంతులో ఏదో గట్టిగా తగిలితే నీళ్ళు తాగి మింగేసింది. అప్పుడుగానీ కోడలు మిగతా కూర పిల్లలకు వడ్డించలేదు.

ఎండలు ముదిరాక ఒక ఉదయం నూకాలమ్మ పాదాలు వాటంతటవే ఉత్తరానికి తిరిగాయి. ఏడుకొండలు దళసరి అడుగున్న కొత్త చెప్పులు తెచ్చాడు.

"ఇయ్యెప్పుడు కొన్నావురా?"

"వల పన్నిన రోజేనమ్మా."

అతను వంగి తొడిగాడు. కొలత సరిగ్గా సరిపోయింది.