మనుషుల్లేని ఫోటోలు

"ఎవరది?"

గోడకు ఆనించిన పెద్ద ఫోటో మీద భార్య చూపుడువేలు ఆగిన చోటికి ఫోటోగ్రాఫర్ వంగి చూశాడు. నిర్మానుష్యమైన ఉప్పుమడులు, వాటి మీద మబ్బుల నీడలు. ఓ మూల, పంపుషెడ్డు పక్కన, వీపు ఇటు తిప్పి నిలబడ్డ ఆడమనిషి. చేతిలో నీలం గొడుగు.

"ఎవరో దారినపోయే ఆవిడ."

"అలాగా! మరి ఈ లైట్‌హౌస్ మెట్ల దగ్గర? ఈ పాడుబడ్డ మిల్లు వెనకాల? అన్ని దారులూ ఆవిడవేనా?"

పన్నెండు ఊళ్లు, పన్నెండు ఫోటోలు. అన్నిట్లోనూ ఏదో ఒక మూల అదే గొడుగు, అదే వీపు. ఫోటోగ్రాఫర్ ఒక్కో ఫోటో ముందూ వంగి చూసుకుంటూ వెళ్లాడు.

పదహారేళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్న మనిషి. "బాబాయిగారూ, కాస్త లోపలికి జరగండి, పిన్నిగారూ, నవ్వండి" అని అరిచి అరిచి నవ్వే ముఖాలంటేనే మొహం మొత్తింది. అందుకే పెళ్లిళ్లు లేని రోజుల్లో కెమెరా భుజాన వేసుకుని జనం లేని చోట్లు వెతుక్కుంటూ పోతాడు. ఎవరైనా అడ్డొస్తే వాళ్లు వెళ్లేదాకా గంటయినా కూర్చుంటాడు. ఈ ఏడాది అలా తిరిగి తీసినవాటిలో పన్నెండు ఏరి, నిలువెత్తున వేయించాడు. రేపే ప్రదర్శన, జీవితంలో మొదటిది. పేరు 'మనుషుల్లేని చోట్లు'.

"నిజంగా నేను చూళ్లేదే! చిన్న ఫోటోలో ఆవగింజంత ఉండి ఉంటుంది. పైగా వీపులు నా కంటికి ఆనవు."

అందులో అబద్ధం లేదు. నాలుగొందల మందిలో కళ్లు మూసుకున్నవాణ్ని క్షణంలో పట్టేస్తాడు. వెనక్కి తిరిగినవాళ్లు ఎలాగూ ఆల్బమ్‌లోకి ఎక్కరు కాబట్టి వాళ్లని చూడటం ఎప్పుడో మానేశాడు.

కానీ ఆ ఆల్బమ్‌లు కూర్చేది భార్య. పెళ్లికొడుకు మేనత్త ఎన్ని ఫోటోల్లో పడిందో, ఏ తోటికోడలు ఒక్కదాంట్లోనూ పడక అలగబోతోందో వేళ్ల మీద చెప్పగలదు. చీర మార్చినా మనిషిని మర్చిపోదు.

"గొడుగొక్కటే అయితే పోనీలే అనుకునేదాన్ని. ఆ సంచి చూడండి. తెగిన పట్టీకి ముడి. అన్ని చోట్లా అదే ముడి! ముఖం కనబడకుండా నిలబడమన్నారు గానీ, సంచి మార్చమనడం మర్చిపోయారు. మనిషనేవాడు లేని ఫోటో కోసం మూడు బస్సులు మారి పోయే పెళ్లి ఫోటోగ్రాఫర్ ఉంటాడా అని నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా."

"నీ మీద ఒట్టు..."

"నా మీదొద్దు. ఆ కెమెరా మీద వేయండి."

వేశాడు. భార్య ఒక్క క్షణం తటపటాయించింది. అంతలోనే తేరుకుని పెట్టె సర్దడం మొదలుపెట్టింది. చీరలతోపాటు ఈ సీజన్ పెళ్లిళ్లన్నీ ఉన్న హార్డ్‌డిస్క్ కూడా అందులో పడేసింది. హార్డ్‌డిస్క్ సంగతి తర్వాత. ఆవిడ లేని ఇల్లు అతని కళ్లముందు మెదిలింది. మనుషుల్లేని చోట్లంటే అతనికి ప్రాణమే, కానీ తన ఇల్లు వాటిలో చేరడం మాత్రం ఇష్టం లేదు.

"నాకిప్పుడు అర్థమైందే! ఇది కెమెరా దొంగ. సమయం చూసి ఎత్తుకుపోదామని నా వెంట పడింది. పద, పోలీసులకి చెబుదాం."

"పోలీసులొద్దు!" ఉలిక్కిపడ్డట్టు అరిచింది భార్య. తర్వాత గొంతు తగ్గించి, "వాళ్లొస్తే అడ్డమైన ప్రశ్నలన్నీ వేస్తారు. పన్నెండు ఊళ్లు తిరిగింది రేపు హాలుకి రాకుండా ఉంటుందా? నేనే పట్టుకుంటా. దొంగయితే సరే. కాకపోతే అట్నుంచి అటే పుట్టింటికి" అంది.

మర్నాడు ఉదయం హాలు నిండింది. వచ్చినవాళ్లంతా పాత పెళ్లిళ్ల బంధువులే. ఫోటోలన్నీ ఒకటికి రెండుసార్లు చూసి, "ఇందులో మావాళ్లెవరూ లేరేం?" అని నొచ్చుకున్నారు. ఫోటోగ్రాఫర్ ఎవరికేం జవాబు చెబుతున్నాడో అతనికే తెలియదు. అతని ప్రాణమంతా తలుపు వెనక పెట్టె పట్టుకుని నిలబడ్డ భార్య మీదే ఉంది.

పదకొండింటికి నీలం గొడుగు మడుచుకుంటూ ఒకావిడ లోపలికి వచ్చింది. భుజాన ముడివేసిన సంచి. ఫోటోల వంక చూడనైనా చూడలేదు. స్తంభం చాటున నిలబడి ఫోటోగ్రాఫర్ వంకే రెప్పవేయకుండా చూస్తోంది.

భార్య పెట్టె వదిలేసి ఒక్క ఉదుటున వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"దొరికావే! ఎవరు నువ్వు? మా ఆయన ఎక్కడికెళ్తే అక్కడికి తోకలా వెళ్తున్నావెందుకు?"

హాలు హాలంతా అటు తిరిగింది. ఫోటోగ్రాఫర్ పరుగెత్తుకొచ్చి ఆ కొత్తావిడకి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, నేను నీతో ఎప్పుడైనా మాట్లాడానా? అసలు నీ ముఖమైనా చూశానా? నిజం చెప్పు తల్లీ, నా కాపురం నిలబెట్టు."

ఆవిడ అతని మాటలు విన్నట్టే లేదు. భార్య ముఖంలోకి వింతగా చూస్తూ, ఇబ్బందిగా నవ్వింది.

"ఈ గొంతు... మేడమ్, 'మా ఆయన్ని ఒక్క క్షణం కూడా వదలొద్దు, ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్లు' అని మా డిటెక్టివ్ ఆఫీసుకి ఏడాదిగా ఫోన్ చేస్తున్నది మీరే కదూ?"