మార్పు లేదు

ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో త్రిమూర్తులుగారికి పాతికేళ్లుగా తెలియదు. నాచారం ఫ్యాక్టరీల్లో ఎంతమంది పనిచేస్తున్నారో నెలనెలా సర్కారుకు రాసి పంపేది మాత్రం ఆయనే! అదీ ఆయన భార్య రాజ్యం బాధ.

ఆదివారం పక్క వీధి దుర్గమ్మ గుమ్మంలోకి వచ్చింది. "సారూ, మా బిస్కెట్ ఫ్యాక్టరీ మూతవడి ఏడు నెలలాయె. పని పోయినోళ్లకిచ్చే సాయం అడిగితే, ఆఫీసోళ్లు నీ పని యాడ పోయిందంటున్నరు. రెండు వందల మందిమి పన్ల ఉన్నమని మీరే రాసిన్రంట."

"ఫోన్ చేశానమ్మా. ఎవరూ ఎత్తకపోతే 'మార్పు లేదు' అని రాయడం మా పద్ధతి."

"ఎత్తెటోళ్లు ఎవలున్నరు సారూ?"

రాజ్యం దుర్గమ్మకు మంచినీళ్లిచ్చి, మొగుడివైపు తిరిగింది. "ఏమండీ, మన డాబా మీదికి బిస్కెట్ల వాసన రాక ఎన్నాళ్లయింది?"

ఆయన తల దించుకున్నారు.

"తప్పు నాదే దుర్గమ్మా," అన్నారు. "ఒక్కసారైనా గేటు దాకా వచ్చి చూడలేదు."